డీజిల్ ఇంజెక్షన్ పైపులు: ప్రతి జాగ్రత్త వెనుక ఒక కారణం

డీజిల్ కారు బానెట్ ఎత్తి, ఇంజన్ మీది ప్లాస్టిక్ మూత తీస్తే, అడ్డంగా బిగించిన లావుపాటి ఉక్కు గొట్టం ఒకటి కనిపిస్తుంది. దాన్నే రైల్ అంటారు. దాని నుంచి ఒక్కో సిలిండరుకు ఒక్కొక్కటి చొప్పున సన్నటి ఉక్కు పైపులు వంపులు తిరుగుతూ ఇంజెక్టర్ల దాకా వెళతాయి. మరో పైపు పంపు నుంచి రైల్‌కు వస్తుంది. ఈ పైపుల వెలుపలి వ్యాసం చాలా కార్లలో 6 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. రెండు చివరలా రెండు నట్లు ఉంటాయి. విప్పడానికి ఒక స్పానర్ చాలనిపిస్తుంది.

ఆ తేలికతనంలోనే ప్రమాదం ఉంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ పైపులో డీజిల్ 1600 బార్ల పీడనంలో ఉండవచ్చు. కొన్ని ఇంజన్లలో 2000 బార్లు దాటుతుంది. పైపు తుప్పు పట్టినా, బీటలువారినా, నట్టు దగ్గర చెమ్మగిల్లినా, ఇంజెక్టర్ మార్చవలసి వచ్చినా పైపు విప్పక తప్పదు. అయితే ఆ పని ఎలా చేయాలో చెప్పే మాన్యువల్‌లోని వాక్యాలు చాలామందికి కంపెనీవారి అతిజాగ్రత్తలాగా, విడిభాగాలు అమ్ముకునే ఎత్తుగడలాగా కనిపిస్తాయి. ఆ అభిప్రాయం సరికాదు. అందులోని ప్రతి జాగ్రత్త వెనుక ఒక భౌతిక కారణం ఉంది. ఆ కారణాలు తెలుసుకున్న మనిషి జాగ్రత్తను వదిలిపెట్టడు. ఈ వ్యాసం ఉద్దేశం ఆ కారణాలను వివరించడమే.

పాత పంపు నుంచి కామన్ రైల్ దాకా

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజన్‌ను విజయవంతంగా నడిపి చూపినప్పుడు అందులో నేటి ఇంజెక్షన్ పంపు లేదు. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి ఇంధనాన్ని సిలిండర్‌లోకి చిమ్మేది. ఆ కంప్రెసర్ బరువు వల్ల డీజిల్ ఇంజన్ ఫ్యాక్టరీలకూ ఓడలకూ పరిమితమైంది. రాబర్ట్ బాష్ సంస్థ 1927లో ఇంజెక్షన్ పంపును పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాకే డీజిల్ ఇంజన్ రోడ్ల మీద విస్తృతంగా కనిపించసాగింది. 1936లో మెర్సిడెస్ బెంజ్ 260 డి కారు వచ్చింది. మన దేశంలో 1951లో బెంగళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీని స్థాపించారు. దాని పొట్టిపేరు మైకో. కంపెనీ పేరు 2008లో బాష్ లిమిటెడ్‌గా మారినా, ‘మైకో పంపు’ అన్న మాట మన డీజిల్ మెకానిక్కుల నోట నిలిచిపోయింది.

ఆ పాత పంపులో ఒక్కో సిలిండరుకు ఇంధనాన్ని నెట్టే ఒక్కో ప్లంజర్ ఉండేది, లేదా ఒకే ప్లంజర్ వంతులవారీగా అన్ని సిలిండర్లకూ ఇంధనం పంచేది. పైపులో పీడనం ఇంజెక్షన్ జరిగే ఆ క్షణంలోనే పెరిగి, వెంటనే పడిపోయేది. ఇంధనం చిమ్మే నాజిల్ తెరుచుకోవడానికి కావలసిన పీడనం సాధారణంగా 120 నుంచి 250 బార్ల మధ్య ఉండేది. ట్యాంకులో డీజిల్ అయిపోయి పైపుల్లోకి గాలి చేరితే, మెకానిక్ నాజిల్ దగ్గరి నట్టును కొంచెం వదులు చేసి, సెల్ఫ్ కొట్టించి, నురగ పోయి డీజిల్ వచ్చేదాకా చూసి మళ్లీ బిగించేవాడు. ట్రాక్టర్లు, లారీలు, పొలాల్లోని ఆయిల్ ఇంజన్ల మీద పని నేర్చుకున్నవారికి ‘ఎయిర్ తీయడం’ తొలిపాఠం. ఇంజన్ మిస్ కొడుతుంటే ఒక్కో నట్టునూ వదులు చేస్తూ, ఏ సిలిండర్ పనిచేయడం లేదో చెవితో పట్టుకునే నేర్పు కూడా ఉండేది.

1995లో జపాన్‌లో డెన్సో సంస్థ ద్వారా హినో లారీలకు, 1997లో ఇటలీలో ఆల్ఫా రోమియో 156 కారుకు కామన్ రైల్ పద్ధతి వచ్చింది. ఇక్కడ పంపు పని ఇంధనాన్ని రైల్‌లోకి ఎక్కించి, అక్కడ పీడనాన్ని నిలకడగా ఉంచడం. ఎప్పుడు, ఎంత చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది; విద్యుత్తుతో పనిచేసే ఇంజెక్టర్ ఆ మాట ప్రకారం తెరుచుకుంటుంది. కార్లలో మొదటితరం కామన్ రైల్ పీడనం 1350 బార్లు. తరువాత అది 1600కు, 1800కు, 2000కు, ఆపైకీ పెరిగింది. బండి వెనుక సీఆర్‌డీఐ, సీఆర్‌డీఈ వంటి అక్షరాలు కనిపిస్తే లోపల ఉన్నది ఈ పద్ధతే.

అసలు తేడా అంకెల్లో మాత్రమే లేదు. పాత పైపులో పీడనం వచ్చి పోయే అతిథి. కొత్త పైపులో ఇంజన్ తిరుగుతున్నంతసేపూ అది కాపురం ఉంటుంది. నట్టు వదులైతే పాత పైపు చుక్కలు కార్చేది. కొత్త పైపు సూదిలాంటి ధారను చిమ్ముతుంది, పంపు దాన్ని ఎడతెగకుండా నింపుతూ ఉంటుంది. పాత ఇంజన్ మీద నేర్పు అనిపించుకున్న అలవాటే కొత్త ఇంజన్ మీద ప్రాణాపాయం కావడానికి కారణం ఇదే.

1600 బార్లు అంటే ఎంత?

ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనం. చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు మోపినట్టు. 1600 బార్లంటే చిటికెనవేలి గోరంత చోటు మీద ఒక పెద్ద కారు మొత్తం నిలబడినట్టు.

ఈ పీడనం ఒక సన్నటి బీటలోంచి బయటపడితే ధార వేగం ఎంత ఉంటుంది? 1738లో డేనియల్ బెర్నౌలీ తన ద్రవగతిశాస్త్ర గ్రంథంలో ప్రతిపాదించిన సూత్రం ఇక్కడ పనికివస్తుంది. పీడనాన్ని రెట్టింపు చేసి, ద్రవం సాంద్రతతో భాగించి, వర్గమూలం తీయాలి. 1600 బార్లంటే 16 కోట్ల పాస్కళ్లు. డీజిల్ సాంద్రత ఘన మీటరుకు సుమారు 830 కిలోలు. లెక్కిస్తే సెకనుకు దాదాపు 620 మీటర్లు వస్తుంది. ఘర్షణ వల్ల అసలు వేగం ఇంతకంటే తగ్గుతుంది. అయినా గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లేనని గుర్తుంచుకుంటే, ఆ ధార ఎంతటిదో అర్థమవుతుంది.

ఇక పైపు గోడ సంగతి. వెలుపలి వ్యాసం 6, లోపలి వ్యాసం 3 మిల్లీమీటర్లు ఉన్న పైపును తీసుకుందాం. మందపు గోడ ఉన్న గొట్టాలకు 19వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త గాబ్రియేల్ లామే ఇచ్చిన సూత్రం ప్రకారం, లోపలి అంచున గోడను చుట్టూ సాగదీసే ప్రతిబలం పీడనానికి ఒకటిన్నర రెట్లకు మించి ఉంటుంది. 1600 బార్లకు అది సుమారు 267 మెగాపాస్కళ్లు. సాధారణ మెత్తని ఉక్కు 250 మెగాపాస్కళ్ల దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. అంటే బజారులో దొరికే మామూలు ఉక్కు గొట్టాన్ని కొలతకు కోసి, వంచి, చివరలు చేసి బిగిస్తే, మొదటిరోజే అది తన హద్దు దాటిపోతుంది.

పైగా ఆ ప్రతిబలం నిలకడగా ఉండదు. ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక్కో సిలిండరుకు నిమిషానికి వెయ్యిసార్లు ఇంధనం అందాలి. ఒక్కోసారీ ముందు కొంచెం, తరువాత అసలు మోతాదు, ఆ తరువాత మరికొంచెం అని మూడు విడతలుగా చిమ్మినా, ఆ పైపు నిమిషానికి మూడువేల అదురులు తింటుంది. లోహం ఒక్క దెబ్బకు విరగకపోయినా కోట్ల దెబ్బలకు అలసిపోతుంది. అందుకే ఈ పైపులను అతుకులేని ఉక్కు గొట్టాన్ని చల్లగానే సాగదీసి తయారుచేస్తారు. ఎక్కువ పీడనపు పైపుల్లో కొన్నింటికి మరో సంస్కారం కూడా చేస్తారు: వాడకంలో వచ్చే పీడనం కంటే చాలా ఎక్కువ పీడనాన్ని ముందే ఒకసారి లోపల పెట్టి, లోపలి పొరను కొద్దిగా సాగనిచ్చి వదిలేస్తారు. పీడనం తీసేశాక సాగని వెలుపలి పొర లోపలి పొరను అదుముతూ ఉంటుంది. ఫిరంగి గొట్టాలను గట్టిపరచడానికి వాడిన పద్ధతి ఇది. ఇలాంటి పైపును గ్యాస్ మంట పెట్టి అతికితే ఆ వేడికి ఆ అదుముడు పోతుంది. కంటికి పైపు అలాగే ఉంటుంది. బలం మాత్రం ఉండదు. అలా బ్రేజింగ్ చేసిన పైపును కామన్ రైల్ ఇంజన్‌కు ఎన్నడూ వాడకూడదనడానికి కారణం ఇదే.

చర్మం లోపలికి డీజిల్

అధిక పీడన ధార చర్మాన్ని చీల్చడానికి వందల బార్లు అక్కర్లేదు. ఏడు బార్ల ప్రాంతంలోనే అది సాధ్యమని వైద్యులు చెబుతారు. డీజిల్ ఇంజన్ ఇంధనం ఇలా శరీరంలోకి చొచ్చుకుపోయిన ఉదంతాన్ని 1937లోనే అమెరికా వైద్య సంఘం పత్రిక ప్రచురించింది. అప్పటి పంపుల పీడనం నేటితో పోలిస్తే చాలా తక్కువ.

ఈ గాయం మోసగించేది. లీకు ఎక్కడుందో తడిమి చూద్దామని పైపు వెంట వేలు పోనిస్తే, కంటికి కనిపించని ధార వేలి కొసలోకి దిగుతుంది. పైకి సూది గుచ్చినంత చుక్క మాత్రమే కనిపిస్తుంది. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. పసుపో, టింక్చరో అద్ది, గుడ్డ చుట్టుకుని మళ్లీ పనిలో పడిపోవడం మన దగ్గర సహజం. లోపల మాత్రం డీజిల్ నరాల వెంట, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువుల తొడుగుల వెంట అరచేతిలోకి, ముంజేతిలోకి పాకుతుంది. కణజాలం రసాయనికంగా దెబ్బతింటుంది. వాపు పెరిగి రక్తప్రసారం ఆగుతుంది. కొన్ని గంటల్లోనే చెయ్యి ఉబ్బి, భరించలేని నొప్పి మొదలవుతుంది. ఆలస్యమైతే వేలు తీసేయవలసిన స్థితి వస్తుంది.

దీనికి మందుబిళ్ల చికిత్స కాదు. వీలైనంత త్వరగా చెయ్యి కోసి శుభ్రం చేయవలసిన అత్యవసర శస్త్రచికిత్స. గాయం చిన్నదా పెద్దదా అని చూడకుండా, నొప్పి ఉందా లేదా అని ఆగకుండా, శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. 108కు ఫోన్ చేయడానికి సందేహించకూడదు. వేలిని నొక్కి పిండే ప్రయత్నం చేయకూడదు. శస్త్రచికిత్స ఉండవచ్చు కనుక ఏమీ తినకూడదు, తాగకూడదు. డాక్టరుకు చెప్పవలసిన మాట స్పష్టంగా ఉండాలి: “అధిక పీడనంతో డీజిల్ చర్మం లోపలికి వెళ్లింది, ఫలానా సమయానికి.” ఆ మాట చెప్పకపోతే అది మామూలు ముల్లు గాయంలాగే కనిపిస్తుంది. చేతి తొడుగులు చర్మానికి డీజిల్ అంటకుండా కాపాడతాయి తప్ప ఈ ధారను ఆపలేవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మంటల సంగతి

డీజిల్ పెట్రోలంత సులువుగా అంటుకోదన్నది నిజమే. నేల మీద ఒలికిన డీజిల్ మీద అగ్గిపుల్ల పడినా చాలాసార్లు ఆరిపోతుంది. ఆ అనుభవం ఇంజన్ దగ్గర పనికిరాదు. సన్నటి లీకు డీజిల్‌ను మంచులాంటి తుంపరగా మారుస్తుంది. తుంపరలో గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, ద్రవంగా ఉన్నప్పుడు అంటుకోని ఉష్ణోగ్రత దగ్గర కూడా అది మండగలదు. డీజిల్ నిప్పురవ్వ లేకుండా తనంతట తాను మండే ఉష్ణోగ్రత 210 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం నుంచి మొదలవుతుంది. లోడు మీద నడిచిన ఇంజన్ టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ 500 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి. ఇంజెక్టర్ పైపులకూ ఆ వేడి భాగాలకూ మధ్య దూరం చాలా కార్లలో జానెడు ఉండదు.

అందువల్ల పని మొదలుపెట్టే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. దగ్గరలో డ్రై పౌడర్ రకం మంటలార్పే సిలిండర్ ఉండాలి. ఇంధనపు మంట మీద నీళ్లు పోస్తే ఇంధనం నీటి మీద తేలి మంట వ్యాపిస్తుంది. చుట్టుపక్కల వెల్డింగ్, గ్రైండింగ్ జరగకూడదు. కారే డీజిల్ ఆల్టర్నేటర్ మీద, టైమింగ్ బెల్టు మీద, రబ్బరు హోసుల మీద పడకుండా ముందే గుడ్డలు కప్పాలి. నానిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

చివరనున్న శంకువు కథ

పైపుకూ రైల్‌కూ మధ్య రబ్బరు వాషర్ ఉండదు. రాగి వాషర్ కూడా ఉండదు. ఇంత పీడనాన్ని అవి ఆపలేవు. పైపు చివర శంకువు ఆకారంలో ఉంటుంది. ఎదురుగా రైల్ లేదా ఇంజెక్టర్ నోట్లో అదే కోణానికి దగ్గరగా పల్లం ఉంటుంది. నట్టు బిగించినప్పుడు లోహం లోహాన్ని ఒక సన్నటి వలయం వెంట నొక్కుతుంది. ఆ ఒత్తిడికి పైపు కొస అక్కడ కొద్దిగా నలిగి, ఎదుటి పల్లం ఆకారాన్ని తనలో ముద్రించుకుంటుంది. లీకు ఆపేది ఆ ముద్రే.

ఒకసారి పడిన ముద్ర ఆ జతకే చెందింది. పైపు విప్పి మళ్లీ బిగిస్తే శంకువు సరిగ్గా పాత చోటనే కూర్చుంటుందన్న హామీ లేదు. ఇంజెక్టర్ కొత్తదైతే ఆ హామీ అసలే లేదు. లీకు ఆపాలని మెకానిక్ ఇంకాస్త బిగిస్తాడు. శంకువు మరింత నలిగి లోపలి రంధ్రం ఇరుకవుతుంది, లేదా కొస దగ్గర బీట పుడుతుంది. చాలామంది తయారీదారులు అధిక పీడనపు పైపును ఒకసారి విప్పితే మళ్లీ వాడవద్దని రాయడానికి కారణం ఇదే. కొందరు తమ పైపులను పరిమితంగా తిరిగి వాడనిస్తారు. ఆ ఇంజన్ మాన్యువల్ ఏమంటే అదే ప్రమాణం.

బిగింపు కూడా కొలిచి చేయవలసిన పని. చాలా కార్లలో ఈ నట్లకు చెప్పే టార్క్ 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఇది చేతి అంచనాకు అందే కొలత కాదు. పొడవాటి స్పానర్‌తో దీనికి రెట్టింపు సులువుగా దాటిపోతుంది. నట్టును చుట్టూ పట్టుకుని, పైపు దూరేంత సందు మాత్రం వదిలే ప్రత్యేక స్పానర్‌ను టార్క్ రెంచ్‌కు తగిలించి బిగించాలి. మామూలు రెండువైపుల నోటి స్పానర్ నట్టు మూలలను తినేస్తుంది.

మైక్రాన్లలో శుభ్రత

ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. నాజిల్ కొసన ఇంధనం చిమ్మే రంధ్రాల వ్యాసం మిల్లీమీటరులో పదోవంతుకు అటూఇటూ. ట్యాంకు నుంచి వచ్చే మట్టిని ఆపే ఫిల్టర్ పంపుకు ముందు ఉంటుంది. పంపు దాటాక అలాంటి కాపలా లేదు. పైపు విప్పినప్పుడు రైల్ నోట్లో పడిన ఇసుక రేణువు నేరుగా ఇంజెక్టర్‌కు చేరుతుంది. అక్కడ అది నాజిల్‌ను మూసే సూదిని మూసుకోనివ్వకపోతే, సిలిండర్‌లోకి డీజిల్ ఆగకుండా కారి పిస్టన్ కరిగే దాకా వస్తుంది.

కాబట్టి మొదటి నట్టు మీద స్పానర్ పెట్టకముందే ఇంజన్ పైభాగాన్ని శుభ్రం చేయాలి. నట్ల చుట్టూ పేరుకున్న మట్టిని బ్రష్‌తో, క్లీనర్‌తో కడిగి, వీలైతే వాక్యూమ్‌తో లాగాలి. పైపు విప్పాక కంప్రెసర్ గాలి కొట్టకూడదు. అది దుమ్మును తెరిచిన నోట్లోకే తోస్తుంది. పోగులు రాలే కాటన్ వేస్ట్ ఇక్కడ పనికిరాదు. విప్పిన ప్రతి నోటికీ వెంటనే శుభ్రమైన ప్లాస్టిక్ మూత పెట్టాలి. కొత్త పైపుకు వచ్చిన మూతలను బిగించే క్షణం దాకా తీయకూడదు. రోడ్డు పక్కన, గాలి దుమారంలో, చెట్టు కింద చేయవలసిన పని కాదిది.

విప్పడం, బిగించడం

మొదటి సూత్రం: ఇంజన్ తిరుగుతుండగా, సెల్ఫ్ కొడుతుండగా అధిక పీడనపు నట్టు ముట్టకూడదు. ఇంజన్ ఆపాక రైల్‌లోని పీడనం ఇంజెక్టర్ల, పంపు లోపలి సన్నటి సందుల గుండా, ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ పైపులోకి క్రమంగా జారిపోతుంది. ఎంతసేపట్లో అన్నది ఇంజన్‌ను బట్టి ఉంటుంది. లోపలి కారుడు బాగా తగ్గించిన కొత్తరకం ఇంజెక్టర్లలో పీడనం ఎక్కువసేపు నిలవవచ్చు. మాన్యువల్ చెప్పినంతసేపు ఆగడం, బ్యాటరీ తీయకముందే, ఇంజన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో రైల్ పీడనం పడిపోయిందని చూడటం, రెండూ చేయాలి. ద్రవం గాలిలాగా ఎక్కువ కుదించుకోదు కాబట్టి, ఆగిన రైల్‌లోంచి కొంచెం డీజిల్ బయటికి వచ్చినా పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. అయినా మొదటి నట్టును గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టి, రక్షణ కళ్లద్దాలతో, మెల్లగా వదులు చేయడమే పద్ధతి.

ఇంజెక్టర్ల కరెంటు తీగలను కూడా ఇంజన్ నడుస్తుండగా పీకకూడదు. కంప్యూటర్ ఆ ఇంజెక్టర్లను తెరవడానికి బ్యాటరీలోని 12 వోల్టులను ఎన్నో రెట్లు పెంచి పంపుతుంది. పీజో రకం ఇంజెక్టర్లలో అది వంద వోల్టులు దాటుతుంది.

పైపును పట్టి ఉంచే క్లిప్పులను ముందు తీయాలి. ఇంజెక్టర్ మెడ మీద స్పానర్ పట్టే చోటు ఉంటే దాన్ని రెండో స్పానర్‌తో కదలకుండా పట్టుకుని నట్టు విప్పాలి. లేకపోతే ఆ మెలి అంతా ఇంజెక్టర్ మీద పడుతుంది.

కొత్త పైపు ఆ సిలిండరుకు చెందినదే కావాలి. వంపు కుదరకపోతే చేతితో వంచి కుదర్చకూడదు. బలవంతాన కుదిర్చిన పైపులో ముందే ఒక ప్రతిబలం దాగి ఉంటుంది, దానికి ఇంజన్ అదురు తోడై కొన్నాళ్లకు విరుగుతుంది. రెండు చివరల శంకువులనూ వాటి పల్లాల్లో నేరుగా కూర్చోబెట్టి, రెండు నట్లనూ ముందు వేళ్లతోనే చివరి దాకా తిప్పాలి. వేళ్లతో తిరగకపోతే పైపు వంకరగా ఉందని అర్థం. ఆ తరువాతే మాన్యువల్ చెప్పిన వరుసలో, చెప్పిన టార్క్‌తో బిగించాలి. చివరగా క్లిప్పులన్నీ ఉన్నచోటే పెట్టాలి. క్లిప్పులను దండగ అనుకుని పారేయడం మన గ్యారేజీల్లో కనిపించే తప్పు. అదురుకు పైపు ఊగకుండా ఆపేవి అవే. క్లిప్పు లేని పైపు అలసిపోయి నట్టు దగ్గర విరుగుతుంది.

గాలి తీయడం, లీకు చూడటం

పైపులు మార్చాక లోపల కొంత గాలి ఉంటుంది. ఇక్కడే పాత అలవాటు చేతిని లాగుతుంది. కామన్ రైల్‌లో ఏ అధిక పీడనపు నట్టునూ వదులు చేసి గాలి తీయకూడదు. తక్కువ పీడనపు వైపున ఫిల్టర్ మీద చేతి పంపు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కాలి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉంటే కీని ఆన్, ఆఫ్ చేస్తూ దాన్ని కొన్నిసార్లు తిరగనివ్వాలి. ఆపైన ఇంజన్ స్టార్ట్ చేస్తే మిగిలిన గాలి ఇంజెక్టర్ల గుండా, రిటర్న్ గుండా తనంతట తాను పోతుంది. అధిక పీడన పంపుకు కందెన డీజిలే. ఫిల్టర్ ఖాళీగా ఉండగా ఎడతెగకుండా సెల్ఫ్ కొడితే పంపు ఎండిపోయి అరుగుతుంది. అలా అరిగిన లోహపు పొడి రైల్‌లోకి, ఇంజెక్టర్లలోకి చేరితే పైపులు మార్చిన ఖర్చు ఇంధన వ్యవస్థ మొత్తం మార్చే ఖర్చుగా మారుతుంది.

ఇంజన్ స్టార్టయ్యాక పైపుల మీదికి వంగకూడదు. కొంతసేపు నడిపి, ఆపి, మళ్లీ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, ప్రతి నట్టు చుట్టూ పొడి తెల్ల కాగితంతో తుడిచి చూడాలి. కాగితం తడిస్తే లీకు ఉన్నట్టు. నడుస్తుండగానే చూడవలసిన అవసరం వస్తే పొడవాటి అట్టముక్కను దూరం నుంచి పైపుల దగ్గర కదిలించాలి. తుంపర ఉంటే అట్ట మీద మరక పడుతుంది. చెయ్యి మాత్రం ఎన్నటికీ పోనివ్వకూడదు. లీకు దొరికితే ఇంజన్ ఆపి, పీడనం పోయాకే దాన్ని ముట్టుకోవాలి. నడుస్తున్న ఇంజన్ మీద నట్టు బిగించి లీకు ఆపాలని చూడటం అన్నిటికంటే పెద్ద తప్పు. చివరగా స్కానర్‌తో లోపాల కోడ్‌లు చూసి, ఇంజన్ వేడెక్కాక మరోసారి తనిఖీ చేసి అప్పుడు బండి అప్పగించాలి.

పెట్రోలు బండ్ల మాట

మామూలు పెట్రోలు ఇంజన్‌లో ఇంజెక్షన్ పీడనం మూడు నాలుగు బార్లు మాత్రమే. అక్కడ ప్రమాదం ధార కాదు, ఆవిరి. పెట్రోలు ఆవిరి సున్నాకు చాలా దిగువ ఉష్ణోగ్రతల్లో కూడా అంటుకోగలదు. గాలి కంటే బరువైనది కాబట్టి నేల మీద, సర్వీసు గుంతల్లో పేరుకుంటుంది. ఇంజన్ ఆపినా పైపులో పీడనం నిలిచి ఉండేలా రూపొందిస్తారు. అందుకే పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడిపి, తరువాత గుడ్డ చుట్టి పైపు విప్పుతారు. హోసు కొత్తది వేసేటప్పుడు అది ఇథనాల్ కలిసిన పెట్రోలుకు, ఇంజెక్షన్ పీడనానికి తగినదై ఉండాలి. ఇక పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే జీడీఐ రకం ఇంజన్లలో పీడనం 200 బార్లు, అంతకుమించి ఉంటుంది. వాటికి డీజిల్ కామన్ రైల్‌కు చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

యజమానికీ, మెకానిక్‌కూ

ఈ జాగ్రత్తల్లో చాలావాటికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. కొంచెం ఓపిక, మాన్యువల్, ఒక స్కానర్, ఒక టార్క్ రెంచ్, కొన్ని ప్లాస్టిక్ మూతలు, ఒక అట్టముక్క, ఆ ఇంజన్‌కు సరిపడే కొత్త పైపు చాలు. వీటిని వదిలించేది చాలాసార్లు మెకానిక్ అజ్ఞానం కాదు. “గంటలో కావాలి”, “పాత పైపే బిగించు, చూద్దాం” అనే యజమాని తొందర. కామన్ రైల్ పని చేయించుకునే వారు కొత్త పైపు బిల్లు మీద బేరమాడటం మానాలి. ఇంజన్ చల్లారేందుకు సమయం ఇవ్వాలి. ఇంటి దగ్గర స్వయంగా చేయాలనుకునేవారు మాన్యువల్, టార్క్ రెంచ్, స్కానర్ లేకపోతే ఆ ఆలోచన విరమించుకోవాలి. గ్యారేజీ పెద్దలు తమ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు మొదటిరోజే రెండు మాటలు చెప్పాలి: నడుస్తున్న ఇంజన్ మీద ఇంజెక్షన్ నట్టు ముట్టవద్దు, లీకును చేత్తో వెతకవద్దు. ఈ రెండు మాటలూ పాటిస్తే ఈ పనిలో వేళ్లు, చేతులు పోగొట్టుకునే ప్రమాదాల్లో చాలావరకు జరగకుండానే ఆగిపోతాయి.